పోలీసు వైమానికుని కొలువు

(సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నాట్య ప్రదర్శనమునకు ముందు ఒక ఉపన్యాసము ఉండవలెనని కార్యవర్గమువారు తీర్మానించి, ఆ భారమును నాపై మోపిరి. విందుకు ముందు కషాయము ఇచ్చినట్లు ఇది యుండునని నే నెరుగుదును. ముందు వరుసలోని పిల్లలు అప్పుడే తెర వంక చూచుచున్నారు. అయినను విషయమును ఎన్నుకొను స్వేచ్ఛ నాకే యిచ్చిరి గనుక, మన పొరుగు జిల్లా అడవులపై ఇన్నేండ్లుగా తిరిగిన పోలీసు హెలికాప్టరులను గూర్చి, వాటిని నడపువారి ఉద్యోగమును గూర్చి నాలుగు మాటలు చెప్ప దలచితిని.

నేను పైలటును కాను. నా ఉద్యోగ జీవితమంతయు వాతావరణ శాఖలో గడచినది. గాలి ఎటు వీచుచున్నది, మబ్బు ఎంత ఎత్తున నున్నది, కంటికి ఎంత దూరము కానవచ్చును, ఈ మూడు సంగతులు కాగితముపై వ్రాసి పైలటు చేతికిచ్చుట నా పని. ఆ కాగితము చదువునప్పుడు వారి ముఖములు ఎట్లు మారునో చూచుచు ముప్పది యేండ్లు గడపితిని. కావున నా మాటలను బల్లకు ఇవతలి వైపు కూర్చున్నవాని మాటలుగా స్వీకరింపుడు.

జంషెడ్‌పూరువారికి విమానము క్రొత్త వస్తువు కాదు. ఈ నగరమును నిర్మించిన వంశమునకు చెందిన జే.ఆర్.డి. టాటాగారు 1929 ఫిబ్రవరి 10వ తేదీన మన దేశమున మొట్టమొదటి పైలటు లైసెన్సు పొందిరి. 1932 అక్టోబరు 15న తామే విమానము నడపుకొని కరాచీ నుండి బొంబాయికి టపా తెచ్చిరి. మన కదమాలోను, సోనారీలోను ఉన్న తెలుగు కుటుంబముల పిల్లలు సోనారీ రన్‌వే మీదుగా చిన్న విమానములు లేచుట చూచుచు పెరిగినవారే. ఆ ముచ్చట వెనుక దుఃఖమును కూడ ఈ నగరము చూచినది. 2024 ఆగస్టు 20న సోనారీ నుండి లేచిన రెండు సీట్ల శిక్షణ విమానము చాండిల్ జలాశయములో కూలిపోగా, నేర్పువాడును నేర్చుకొనువాడును ఇద్దరును మరణించిరి. నీటి అడుగున వెదకుటకు విశాఖపట్టణము నుండి నౌకాదళ బృందము రావలసి వచ్చెను.

ఇక పోలీసు విమానముల సంగతి. న్యూయార్కు నగర పోలీసులు 1929లోనే వైమానిక విభాగము నేర్పరచుకొనిరి. 1948లో హెలికాప్టరును చేర్చిరి. లాస్ ఏంజెలెస్ పోలీసులు 1956లో ఆ దారి పట్టిరి. ఆ నగరములందు పోలీసు పైలటు పని మనము చలనచిత్రములలో చూచినట్టిదే. పారిపోవు కారును పైనుండి వెంబడించుట, మేడల నడుమ దీపము వేసి దొంగను వెదకుట, నీట పడినవారిని తీయుట. మన దేశమున పోలీసు వైమానికుని కథ వేరు. దానికి పుట్టుక నగరములందు కాదు, సరిహద్దునందు.

1965 యుద్ధానంతరము ఆ సంవత్సరము డిసెంబరు 1న సరిహద్దు భద్రతా దళము, అనగా మనమందరము బి.ఎస్.ఎఫ్. అని పిలుచునది, ఏర్పడెను. 1969లో దానికి వైమానిక విభాగము కలిగినది. పేరు బి.ఎస్.ఎఫ్.దే యైనను హోం మంత్రిత్వ శాఖ క్రింది ఇతర కేంద్ర పోలీసు దళములకు కూడ అది రెక్కలనిచ్చుచున్నది. దాని విమానములు సైన్యపు విమానముల వంటివి కావు. పౌర విమానములకు వలెనే తోకపై వీటీ అక్షరములు ధరించును. ప్రమాదము జరిగినచో విచారించువారును పౌర విమాన ప్రమాద విచారణాధికారులే. నడపువారిలో కొందరు సైనిక దళములలో తరిఫీదు పొంది వచ్చినవారు, కొందరు దళమునందే ఎదిగినవారు. జీతము, సెలవు, కరవు భత్యము, బదిలీ, ఇవి యన్నియు మనకున్నట్లే వారికిని ఉన్నవి. హెలికాప్టరులోనుండి దిగినవానిని చూచి మనము వేరొక జాతివాడనుకొందుము గాని, అతడును నెలాఖరున జీతపు చీటీ చూచుకొనువాడే.

మావోయిస్టుల సమస్య తీవ్రమైన కాలమున రాంచీ ఈ హెలికాప్టరులకు ముఖ్య స్థావరములలో నొకటియైనది. కారణము మన పటము చూచిన తెలియును. మనకు పడమట పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లా, అందు సారండా అడవి. సారండా యనగా ఏడు వందల కొండలని అచ్చటివారు అర్థము చెప్పుదురు. లెక్క పెట్టినవారెవరో నాకు తెలియదు గాని, పైనుండి చూచినచో ఆ సంఖ్య తక్కువేయనిపించును. కొండ వెనుక కొండ, అన్నిటిపై సాలవృక్షములు. ఆ అడవిలో నడచు జవానుకు ఎదురు కాల్పులకన్న మందుపాతరలవలన హాని యెక్కువ. కాలు పడిన చోట నేల పేలును. ప్రాణము వెంటనే పోదు, రక్తము పోవుచుండును. సహచరులు మంచముపై మోసికొని రోడ్డు చేరుటకే గంటలు పట్టును. ఆ రోడ్డు క్రిందను మరియొక మందుపాతర యుండవచ్చును. అచ్చటినుండి రాంచీ ఆసుపత్రి చాల దూరము. హెలికాప్టరు వచ్చినచో ఆ దూరము నిమిషములలోనికి కుదించుకొని పోవును.

ఇదియే ఆ పైలటు ముఖ్యమైన పని. వేట కాదు. మన దేశమున ఈ పోరాటమునందు హెలికాప్టరులను జనులపై దాడికి గాక, మనుష్యులను, ఆహారమును, ఆయుధ సామగ్రిని చేరవేయుటకును, అన్నిటికన్న మిన్నగా గాయపడినవారిని తెచ్చుటకును వినియోగించిరి. వారిపై కాల్పులు మాత్రము జరిగినవి. 2013 జనవరి 18న ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో క్షతగాత్రుల కొరకు వెళ్ళిన వైమానిక దళ హెలికాప్టరునకు తూటాలు తగిలి, అది అడవిలోనే దిగవలసి వచ్చెను. అందున్న పోలీసు వైర్‌లెస్ ఉద్యోగి గాయపడెను. సిబ్బంది అతనిని హెలికాప్టరులోనే విడిచి, సహాయము కొరకు సమీపమునందలి శిబిరమునకు నడచిపోయిరి. ఇది తగునా తగదా యని దేశమంతట పెద్ద చర్చ జరిగినది. గదిలో పంకా క్రింద కూర్చుండి తీర్పు చెప్పుట నాకు రుచింపదు. అదే నెలలో మన రాష్ట్రమున లాతేహార్ జిల్లాలో మరణించిన యొక జవాను శరీరములో బాంబు కుట్టి యుండుటను రాంచీ ఆసుపత్రిలో కనుగొనిరి. స్త్రీలు, పిల్లలు ఉన్న సభలో ఇంతకన్న చెప్పను. కాని పైలటు తన వెనుక ఏమి ఎక్కించుకొనుచున్నాడో, దానిని గూర్చి కూడ భయపడవలసిన దినములు వచ్చినవని మాత్రము గ్రహింపుడు.

హెలికాప్టరును దించుట అనగా లిఫ్టు దిగినంత సులభమని మనమనుకొందుము. కొంచెము వివరించెదను. బెంగుళూరులో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారు చేసిన ధ్రువ్ హెలికాప్టరునే తీసికొనుడు. దాని పెద్ద రెక్కల చక్రము అడ్డుకొలత 13.2 మీటర్లు. నిండు బరువు సుమారు ఐదున్నర టన్నులు. ఆ బరువును మోయుచున్నది రెక్కలు క్రిందికి తోయు గాలి మాత్రమే. అడవిలో కొట్టివేసిన చిన్న జాగాలో దిగునప్పుడు ఆ గాలి ఎర్రమట్టిని, ఎండుటాకులను పైకి లేపి, కడపటి పది మీటర్లలో పైలటు కన్నులకు తెర కట్టును. తొందరపడి నిట్టనిలువుగా దిగినచో తాను తోసిన సుడిగాలిలో తానే చిక్కుకొనును. అప్పుడు ఇంజను శక్తి ఎంత పెంచినను పైకి లేవక ఇంకను క్రిందికే పోవును. మెల్లగా దిగిన శత్రువునకు గురి కుదురును. వేగముగా దిగిన గాలి చేయి విడుచును. ఈ రెండింటి నడుమ సన్నని దారి వెదకుకొనవలెను.

వర్తమానము వచ్చినప్పుడు పైలటు మొదట అడుగునది ‘ఎవరు?’ అని కాదు. ఎందరు, బరువెంత, జాగా ఎంత వెడల్పు, చుట్టు చెట్లెంత ఎత్తు, గాలి ఎటు, కొండపై కాపలా కూర్చున్నదా? అటుపిమ్మట ఇంధనపు లెక్క. ఇంధనము ఎక్కువ పోసికొన్న మనుష్యులను తక్కువ ఎక్కింపవలెను. తక్కువ పోసికొన్న దారిలో తుపాను వచ్చినప్పుడు చుట్టు తిరిగి వచ్చుటకు చాలదు. ఒక పీపా కిరోసినుకు ఒక మనుష్యునికి తూకము వేయవలసిన ఉద్యోగము లోకమున ఇంకెన్ని యున్నవో నేనెరుగను. క్రింద నలుగురు పడియుండగా ముగ్గురినే తేగలనని చెప్పవలసి వచ్చును. ఆ నాలుగవవాడు తనవంక చూచుచుండగా లేచిపోవలెను.

ఈ తూకములో మా శాఖ పాలు ఒకటి కలదు, అది వేడిమి. వేడెక్కిన గాలి పలుచబడును. పలుచని గాలి రెక్కలకు ఊతమీయదు. రాంచీ విమానాశ్రయము సముద్ర మట్టమునకు సుమారు 655 మీటర్ల ఎత్తున నున్నది. చలికాలపు ఉదయమున హెలికాప్టరునకు అది 655 మీటర్లవలెనే, ఒక్కొక్కప్పుడు అంతకన్న తక్కువగానే తోచును. వైశాఖ మధ్యాహ్నము 40 డిగ్రీల ఎండలో అదే నేల దానికి 1,700 మీటర్ల ఎత్తువలె తోచును. మన తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తైన శిఖరములు ఇంచుమించు అంతే యుండును. పుష్యమాసమున నలుగురిని మోసిన యంత్రమే వైశాఖమున ఇద్దరిని మాత్రమే మోయుదునని మొరాయించును. ఇది యంత్రదోషము కాదు, గాలి స్వభావము. అధికారులకు దీనిని నచ్చజెప్పుట, అబ్బో, గాలికి నచ్చజెప్పుటకన్న కష్టము.

వేసవి సాయంకాలములందు మరియొక శత్రువు. వంగదేశమువారు కాల్ బైశాఖి అని పిలుచు గాలివానకు పుట్టినిల్లు ఈ ఛోటానాగపూరు పీఠభూమియే. మనము మూడు గంటలకు బట్టలు ఆరవేసి, నాలుగు గంటలకు పరుగెత్తి తీయుట ప్రతి యేటను కలదు గదా. ఆ ఒక్క గంటలో ఆకాశమున కోటలవలె లేచు మేఘముల లోపల గాలి పైకిని క్రిందికిని ఒక్కసారిగా కొట్టుచుండును. దాని క్రింద పడిన హెలికాప్టరు తన శక్తికి మించిన దిగుగాలిలో చిక్కును. శీతకాలమున ఉదయపు మంచు. అదిగాక మనము దేశమునకు తూర్పున నున్నవారము, మార్గశిరమున ఐదు గంటలకే ప్రొద్దు గ్రుంకును. చీకటిలో, కొండలలో, దీపము లేని జాగాలో దిగుట మొదటి దినములలో అసాధ్యము. రాత్రి చూపునిచ్చు కంటిఅద్దములు, దానికి తగిన శిక్షణ వచ్చిన పిమ్మట కొంత సాధ్యమైనది. నాలుగున్నరకు గాయపడిన జవాను ప్రాణము అతని గాయముమీదనే కాక పంచాంగముమీద కూడ ఆధారపడి యుండెడిది.

ఇప్పుడు నేను చెప్ప దలచిన అసలు సంగతికి వచ్చితిని. ఈ ఉద్యోగమున మిక్కిలి కష్టమైన పని ఎగురుట కాదు, ‘ఎగురను’ అని చెప్పుట.

నేనొకప్పుడు పనిచేసిన యొక విమానాశ్రయములో జరిగినది చెప్పెదను. ఏ ఊరో, ఏ ప్రముఖులో అడుగకుడు. ఒక పెద్దమనిషి సభకు పోవలసియున్నది. హెలికాప్టరు సిద్ధముగా నున్నది. నేను ఇచ్చిన కాగితమును పైలటు రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకొని, ‘రెండు గంటలు ఆగవలెను’ అనెను. ప్రముఖుని వెంట వచ్చినవారు ఆయనపై విరుచుకుపడిరి. ఆకాశము నీలముగా నున్నది గదా యని ఒకరు, పోయినసారి వచ్చిన పైలటు ఇంతకన్న మబ్బులో తీసికొనిపోయెనని మరియొకరు. పైలటు బదులు చెప్పలేదు. తన టోపీ తీసి బల్లపై పెట్టి, తేనీరు తెమ్మనెను. ఆ టోపీ బల్లపై నున్నంతసేపు ఎవ్వరును ఏమియు చేయలేకపోయిరి. గంటన్నరకు గాలివాన వచ్చి విమానాశ్రయపు రేకులు కొన్నింటిని ఎగురగొట్టినది. ఆయనకు ఎవ్వరును ధన్యవాదములు చెప్పలేదు. జరుగని ప్రమాదమునకు సాక్ష్యముండదు గదా.

జరిగినదానికి సాక్ష్యము మన తెలుగువారికందరికిని తెలియును. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమల అడవిలో కనబడకపోయెను. అది పోలీసుది కాదు, రాష్ట్ర ప్రభుత్వముది. అయినను పని స్వభావము ఒక్కటే. ఒక పగలు, ఒక రాత్రి దేశమంతయు ఊపిరి బిగబట్టెను. మరునాడు పావురాలగుట్ట వద్ద శకలములు దొరకినవి. అందున్న ఐదుగురును మరణించిరి. విచారణ సంఘమువారు చెప్పినది నన్ను నేటికిని వెంటాడును. ఒక చమురు ఒత్తిడి హెచ్చరిక దీపమును గూర్చి పుస్తకములో వెదకుచు పైలటులిద్దరును కొన్ని నిమిషములు అందే మునిగిపోయిరట. ఆ నిమిషములలో హెలికాప్టరు తీవ్రమైన మేఘమండలములోనికి పోయి, దిగుగాలికి చిక్కినది. ఎదుట మేఘము, ఒడిలో పుస్తకము. నేను ఆ పైలటులను నిందింపను, వారు అనుభవజ్ఞులు. కాని వెనుదిరుగుమని చెప్పు గొంతు ఆ గదిలో ఎవ్వరిలోనైనను పలికియుండవలసినదని మాత్రము అనుకొందును. ముఖ్యమంత్రి వెనుక కూర్చున్నప్పుడు ఆ గొంతు పెగలుట ఎంత కష్టమో ప్రభుత్వోద్యోగులమైన మనకు వేరే చెప్పనక్కరలేదు.

మన ప్రాంతపు పైలటులు కూడ మూల్యము చెల్లించిరి. 2011 అక్టోబరు 19న రాంచీ నుండి చైబాసాకు బయలుదేరిన బి.ఎస్.ఎఫ్. ధ్రువ్ హెలికాప్టరు దారిలో కూలిపోయి, పైలటులిద్దరును, సాంకేతిక ఉద్యోగి యొకరును మరణించిరి. ఆ మూడవవానిని కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. పత్రికలవారు ‘పైలటులు’ అని పెద్ద అక్షరములలో వ్రాయుదురు. ఆ మూడవవాడు చిన్న అక్షరములలో వచ్చును.

అట్టి చిన్న అక్షరములవారే అధికముగా మరణించిన దినము 2015 డిసెంబరు 22. ఢిల్లీలో పొగమంచు కమ్మిన ఉదయము. బి.ఎస్.ఎఫ్. వారి సూపర్ కింగ్ అను చిన్న విమానము రాంచీకే బయలుదేరినది. అందు పదిమంది. వారిలో ఎక్కువమంది సాంకేతిక సిబ్బంది. రాంచీలో చెడిపోయి నిలిచియున్న హెలికాప్టరును బాగుచేయుటకు పనిముట్లతో వచ్చుచుండిరి. విమానము నేల విడిచిన కొద్దిసేపటికే ఎడమ ప్రక్కకు ఒరిగిపోవుచు, వచ్చిన వైపునకే తిరిగి, ద్వారక వద్ద గోడను ఢీకొని మండిపోయినది. ఒక్కరును మిగులలేదు. తగిన ఎత్తు చేరక మునుపే స్వయంచాలక యంత్రమును పనిలో పెట్టుటయు, దిక్కు నిర్ణయించు మీటను ఎంపిక చేయకపోవుటయు, ఒరుగుచున్న విమానమును మంచులో సకాలమున సరిదిద్దకపోవుటయు కారణములని విచారణలో తేలినది.

ఈ ప్రమాదము నన్ను మిగిలిన అన్నిటికన్న ఎక్కువగా కలచినది. వారు యుద్ధమునకు పోలేదు. ఎవ్వరినో రక్షించుటకు పరుగెత్తలేదు. టూరుపై పోవుచుండిరి. మనము పోవునట్టి టూరే. ముందునాడు టూరు ఉత్తరువు చేతికి వచ్చియుండును. ఇంటివద్ద ‘రెండు దినములలో వచ్చెదను’ అని చెప్పియుందురు. తిరిగివచ్చి టి.ఏ. బిల్లు వ్రాసికొనవలసినవారు. రాంచీలో ఆ హెలికాప్టరు ఒక్కదినము ఆలస్యముగా బాగుపడినను ఆకాశము విరిగి పడకపోవును. కాని దళములో యంత్రము నిలిచిపోయినదన్న, ఏదో యొక అడవిలో ఎవరో యొక జవానుకు మంచమే గతి యని వారికి తెలియును. అందుచేతనే మంచులో ఎక్కిరని నేను ఊహింతును. అట్టి ఉదయమున ‘ఆగుదము’ అని ఒక్కరు అనవలసినది. అనుట ఎవరి వంతు అన్నదే ప్రశ్న. పైలటుదా, విమానము పంపినవారిదా, మా వంటి కాగితము వ్రాయువారిదా? నా అభిప్రాయములో ముగ్గురిదియును. కాని నియమములు ఆ మాటను చివరకు పైలటు నోటనే పెట్టినవి. ఆ మాట పలికినందుకు అతనికి కీడు కలుగకుండ చూచుట మాత్రము తక్కిన మనందరి బాధ్యత.

ఇట్టి పొరపాటులు మన దేశమునకే పరిమితమని ఎవ్వరును తలపవలదు. స్కాట్లండులో గ్లాస్గో నగరమున 2013 నవంబరు 29 రాత్రి పోలీసు హెలికాప్టరు ఒకటి జనము నిండిన క్లథా అను మద్యశాల కప్పుపై పడినది. అందున్న ముగ్గురును, క్రిందనున్నవారిలో ఏడుగురును, మొత్తము పదిమంది మరణించిరి. ఇంజనులు రెండును ఇంధనము లేక ఆగిపోయినవి. విచిత్రమేమన, పెద్ద తొట్టిలో ఇంకను 76 కిలోల ఇంధనము కలదు. దానిని ఇంజనులకు అందించు చిన్న తొట్టెలలోనికి పంపు మీటలు మూసియుండెను. మన వీధి కుళాయివద్ద జరుగు కథయే. పైన టాంకు నిండియుండును, క్రింద కుళాయిలో నీరు రాదు. తేడా యేమనగా, మనము మేడ ఎక్కి మీట తిప్పి రాగలము. అతనికి ఉన్న వ్యవధి కొన్ని క్షణములు.

‘ఎగురను’ అన్న మాట ఒక్క పైలటే కాక దేశమంతయు కలిసి చెప్పిన సందర్భము కూడ ఒకటి కలదు. 2025 జనవరి 5న పోరుబందరులో తీర రక్షక దళపు ధ్రువ్ హెలికాప్టరు కూలిన తరువాత దేశమునందలి ధ్రువ్‌లన్నింటిని నేలపై నిలిపివేసిరి. స్వాష్ ప్లేటు అను భాగము విరిగినట్లు ప్రాథమిక పరిశీలనలో తేలినది. పైలటు చేతి కదలికను తిరుగుచున్న రెక్కలకు అందించు పళ్ళెము అది. అది విరిగిన పిమ్మట పైలటు చేతిలోనున్నది ఉత్త కర్రయే. సైన్యమునందలివి కొన్ని మాసములకు గాని మరల ఎగురలేదు. ఆ మాసములలో ఎందరి పనులు ఆగినవో, ఎవరెవరు విసుగుకొనిరో ఊహించుకొనవచ్చును. అయినను ఆ నిర్ణయము మంచిదే.

మనలో కొందరు లెక్కల శాఖలోను, కొందరు సుంకముల శాఖలోను పనిచేయుచున్నారు. ఎక్కడో యొక బల్లపై విమానపు విడి భాగమునకు సంబంధించిన బిల్లు ఆగియుండవచ్చును. అబ్జెక్షను వ్రాయవద్దని నేను చెప్పను. వ్రాయుట మన ధర్మము. అవసరమైన అబ్జెక్షను, పైలటు బల్లపై పెట్టిన టోపీ వంటిదే. ఒక్కటే మనవి. ఆ కాగితమునకు ఆవలి కొసన కాలు పోగొట్టుకొన్నవాడొకడు ఆకాశము వంక చూచుచుండవచ్చునని తలచి, వ్రాయవలసినది ఆనాడే వ్రాయుడు.

పిల్లలలో ఎవరైనను ఈ ఉద్యోగము చేయ దలచినచో వారికి నాలుగు మాటలు. గణితము, భౌతికశాస్త్రము తప్పవు. దృష్టి, చెవి, గుండె వైద్యపరీక్షకు నిలువవలెను. హెలికాప్టరుకు, విమానమునకు లైసెన్సులు వేరు వేరు. చదువునకు వ్యయము ఎక్కువ. అందుచేత సైనిక దళముల ద్వారా పోవుట మధ్య తరగతివారికి అందుబాటు దారి. పైలటు కాకున్నను ఆ యంత్రముతో ఎగురువారు ఇంకొకరు కలరు, ఫ్లయిట్ ఇంజనీరు. ఎం.ఐ.17 వంటి పెద్ద హెలికాప్టరులో పైలటులిద్దరితో కూడ కూర్చుండి ఇంజను గొంతు వినువాడు అతడే. నిండు బరువు 13 టన్నులు, పన్నెండు స్ట్రెచరులు పట్టు యంత్రము అది. బి.ఎస్.ఎఫ్. వైమానిక విభాగము పుట్టిన 56 ఏండ్లకు, 2025లో, ఆ పనికి మొట్టమొదటిసారిగా ఒక స్త్రీ అర్హత పొందినది. ఆమె ఇన్‌స్పెక్టర్ భావనా చౌధరి. శిక్షణ పొందినది కూడ దళమునందే, నలుగురు పురుషులతో కలిసి.

తెర వెనుక గజ్జెల చప్పుడు వినబడుచున్నది.